గర్భిణిని, పసిబిడ్డను సీసం బారి నుంచి కాపాడుకోవడం ఎలా?

పురిటికి వచ్చే కూతురి కోసం పుట్టింటికి కొత్త రంగులు వేయించడం మన ఇళ్లలో ఎంతో ప్రేమతో చేసే పని. అయితే పాత రంగును పొడిగా గీకినప్పుడు లేచే దుమ్ములో సీసం (లెడ్) అనే విషలోహం ఉండవచ్చు కాబట్టి, ఆ పనిని ఆమె రాకముందే ముగించి, గదులన్నీ తడిగుడ్డతో తుడిపించాలి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు తలుపులకు, కిటికీ ఊచలకు, ఊయలలకు వేసిన ఎనామిల్ రంగులను, ముఖ్యంగా పసుపు, ఎరుపు, నారింజ రంగులను అనుమానించడమే క్షేమం. పాత పూత గట్టిగా ఉంటే దాన్ని కదిలించకుండా పైన కొత్త పూత వేయించండి. గీకక తప్పకపోతే తడిపి గీకించి, రాలిన పెచ్చులను సంచిలో మూటకట్టి పారవేయించండి. రంగు పెచ్చులూడుతున్న పాత ఊయల ఎంత అపురూపమైనదైనా అందులో బిడ్డను పడుకోబెట్టవద్దు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, శరీరం సీసాన్ని కాల్షియంలాగే ఎముకల్లో దాచుకుంటుంది. అది అక్కడ దశాబ్దాల పాటు నిలిచి, గర్భంలోని బిడ్డ కోసం తల్లి ఎముకల నుంచి కాల్షియం కరిగేటప్పుడు తానూ రక్తంలోకి వచ్చి, మాయను దాటి బిడ్డను చేరుతుంది. అంటే పాత బ్యాటరీలు కరిగించే చోట బాల్యం గడిపిన స్త్రీ, ఆ ఊరు విడిచి ఎన్నేళ్లయినా, ఈ విషయం వైద్యురాలికి తప్పక చెప్పాలి. పుట్టిన తరువాత ముప్పు మరో దారిన వస్తుంది: మింగిన సీసంలో పెద్దల పేగులు సుమారు పదో వంతు గ్రహిస్తే, పసిపిల్లల పేగులు దాదాపు సగం వరకు గ్రహించగలవు. ఎదిగే మెదడుకు అది చేసే హాని చాలావరకు శాశ్వతం. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది.

ఇనుము, కాల్షియం తక్కువైన శరీరం సీసాన్ని మరింతగా పీల్చుకుంటుంది. రక్తహీనత విస్తారంగా ఉన్న మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. కాబట్టి గర్భిణులు ఇనుము, కాల్షియం మాత్రలు మానకూడదు. రాగి జావ, పెరుగు, నువ్వులు, మునగాకు, జామ, ఉసిరి భోజనంలో ఉండేలా చూసుకోవాలి. ఖాళీ కడుపులో సీసం ఎక్కువగా ఒంటబడుతుంది గనుక పిల్లలకు వేళకు అన్నం పెట్టాలి.

వంటింట్లో చింతపండు పులుసు, పచ్చళ్లవంటి పుల్లనివాటికి స్టీలు పాత్రలే వాడండి. తుక్కు లోహాన్ని కరిగించి పోసిన చవక అల్యూమినియం గిన్నెల నుంచి, సీసం కలిసిన తగరంతో కళాయి పూసిన ఇత్తడి గిన్నెల నుంచి పులుపులోకి సీసం దిగుతుంది. పసుపు కొమ్ములకు మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు పూసే కల్తీ ఉంది కాబట్టి, పాలిష్ చేయని కొమ్ములు కొని పొడి కొట్టించుకోవడం మంచిది. నీళ్లు కాచినంత మాత్రాన సీసం పోదు. పసివాళ్ల కళ్లకు సుర్మా వద్దు; కొన్ని రకాల్లో ఉండేది సీసపు ఖనిజమే. బ్యాటరీ దుకాణంలోనో రంగుల పనిలోనో ఉన్న తండ్రి, స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలతో ఆసుపత్రుల పాలైనప్పుడు, ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఇళ్లలో కొద్దికొద్దిగా చేరే సీసం మాత్రం చాలాసార్లు ఏ లక్షణమూ చూపదు. అనుమానం ఉంటే రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసిలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తానికి 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి తొలగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. పిల్లల్లో 45, అంతకు మించి ఉంటే సీసాన్ని బయటకు పంపే మందులు వైద్యుల పర్యవేక్షణలోనే ఇవ్వాలి. సొంత వైద్యం, ముఖ్యంగా లోహ భస్మాలు, వాడవద్దు.