ఎనిమిది అంగుళాల టెలిస్కోప్‌తో ఎన్సెలడస్‌ను పట్టుకోవడం

శని ఉపగ్రహం ఎన్సెలడస్ వ్యాసం 504 కి.మీ. హైదరాబాద్ నుంచి విశాఖకు గాల్లో గీత గీస్తే దాదాపు అంతే. దీని మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగే కొద్దీ మసక) 11.7. ఒంటరిగా ఉంటే చీకటి ఆకాశంలో చిన్న టెలిస్కోప్‌కైనా అందేది. పక్కనే పాతికవేల రెట్లకు పైగా వెలిగే శని ఉండటమే చిక్కు. కాబట్టి చేయాల్సిందల్లా ఆ వెలుగును తప్పించుకోవడమే.

అన్నిటికన్నా ముఖ్యం వేళ. ఎన్సెలడస్ 33 గంటలకో చుట్టు తిరుగుతుంది. బాగా ఎడంగా జరిగినప్పుడు కూడా వలయం అంచుకు 16 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) దూరంలోనే ఉంటుంది. ఆ చివరకు చేరే సమయాన్ని ఆకాశ పటం చూపే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో చూసుకోండి. దానికి అటు మూడు గంటలు, ఇటు మూడు గంటలు, అంతే మీకున్న వ్యవధి. ఇవాళ రాత్రి పదింటికి తూర్పు చివర ఉందనుకోండి. రేపు పదింటికి శని వెలుగులో మునిగిపోతుంది, వెతకడం దండగ. ఎల్లుండి పదింటికి పడమటి చివర దగ్గర తేలుతుంది.

టెలిస్కోప్‌ను గంట ముందే బయట పెట్టి చల్లారనివ్వండి. పగలంతా ఎండ తాగిన డాబా రాత్రి వేడి కక్కుతుంది, బొమ్మ అలలాడుతుంది. మట్టి నేలో గడ్డో మేలు. కొలిమేషన్ (అద్దాలు ఒకే వరుసలో ఉండటం) సరిచూసుకోండి. మన ప్రాంతంలో శని ఇప్పుడు దాదాపు నడినెత్తికి వస్తోంది. అక్కడ డాబ్సోనియన్‌ను (నేల మీది తిరిగే పీఠంపై కూర్చునే టెలిస్కోప్‌ను) పక్కకు తిప్పడం మహా ఇబ్బంది, 50–60 డిగ్రీల ఎత్తులో ఉండగానే పని కానివ్వండి.

1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉంటే 10 మి.మీ. ప్లోజల్ రకం ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం), 2 రెట్ల బార్లో (బొమ్మను పెంచే అదనపు కటకం) కలిపి 240 రెట్లు వస్తుంది. ఐపీస్ గొట్టం లోపల కనిపించే ఫీల్డ్ స్టాప్ రింగు (దృశ్యానికి గుండ్రటి హద్దు గీసే రింగు) మీద వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కను సగం అడ్డంగా అంటించండి, లెన్సుకు జిగురు తగలకూడదు. ఫాయిల్ అంచు మసకగా కనిపిస్తే ముక్క సరైన లోతులో లేనట్టే, కాస్త పైకో కిందికో జరపాలి. శనిని, వలయాలను ఆ అడ్డు వెనక్కి పంపి, బయట మిగిలిన చోటును ఓరచూపుతో (నేరుగా కాక కాస్త పక్కకు చూస్తూ) పరికించండి. ఐపీస్ మీద కనురెప్పల జిడ్డు ఉంటే వెలుగు చెదిరి ఈ శ్రమంతా వృథా.

దిక్కు తెలియకపోతే టెలిస్కోప్‌ను కదపకుండా వదిలేయండి. శని ఏ వైపు జారిపోతే అది పడమర. శని మిగతా ఉపగ్రహాల్లో ముందు టైటన్, తర్వాత రియా, డయోని, టెథిస్‌లను గుర్తుపట్టి లోపలికి రండి. టెథిస్‌నే ఎన్సెలడస్ అనుకోవడం మామూలే. తేల్చుకోవాలంటే ఎల్లుండి అదే వేళకు చూడండి. టెథిస్ 45 గంటల చుట్టు గనక ఇంచుమించు పాత చోటే ఉంటుంది, ఎన్సెలడస్ మాత్రం వైపు మార్చేస్తుంది. వెనకున్న నక్షత్రమైతే శని వెంట రాదు.

2025 మార్చిలో వలయాలు అంచు చూపాయి, 2032 నాటికి పూర్తిగా విచ్చుకుంటాయి. అవి విచ్చుకునే కొద్దీ వెలుగు పెరిగి పని కష్టమవుతుంది, ప్రయత్నమేదో ముందే చేయడం మంచిది. 2005లో కాసినీ నౌక ఎన్సెలడస్ మీద పసిగట్టిన నీటి చిమ్ముళ్లు మాత్రం ఏ పెరటి టెలిస్కోప్‌కూ దొరకవు.