బైక్‌కు చార్జింగ్ సాకెట్: కరెంట్ ఎక్కడ తీయాలి, ఫ్యూజ్ ఎక్కడ పెట్టాలి

హ్యాండిల్‌కు చార్జింగ్ పాయింట్ పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందు సాకెట్ మోడల్ చూస్తారు. పని కుదరడం, కుదరకపోవడం మాత్రం వేరే రెండు విషయాల మీద ఉంటుంది: కరెంట్ ఏ వైరు నుంచి తీశారు, ఫ్యూజ్ ఎక్కడ పెట్టారు. ఈ రెండూ సరిగ్గా ఉంటే మామూలు సాకెట్ కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. వీటిలో ఏది తప్పినా, ఎంత ఖరీదైన సాకెట్ పెట్టినా, పొద్దున్నే సెల్ఫ్ తిరగదు. లేకపోతే సీటు కింద వైరు కాలిన వాసన వస్తుంది.

ముందు లోడు లెక్క. 5 వోల్టులు, 2 ఆంప్స్ ఇచ్చే యూఎస్‌బీ చార్జర్ అంటే 10 వాట్లు. మార్పిడిలో పోయేది కూడా కలిపితే బ్యాటరీ వైపు నుంచి సుమారు 1 ఆంప్ లాగుతుంది. 18 వాట్ల ఫాస్ట్ చార్జర్ అయితే 1.7 ఆంప్స్ దాకా. హెడ్‌లైట్ బల్బుకే 35 వాట్లు ఇస్తున్న బండికి ఇదేమంత బరువు కాదు. సిగరెట్ లైటర్ రకం 12 వోల్టుల గుండ్రటి సాకెట్ సంగతి వేరు. దానికి టైర్‌లో గాలి కొట్టే చిన్న కంప్రెసర్ తగిలిస్తే 8 నుంచి 10 ఆంప్స్ లాగేస్తుంది. 100, 125 సీసీ బండ్ల బ్యాటరీ సాధారణంగా 3 నుంచి 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ఉంటుంది. ఇంజన్ ఆపి కంప్రెసర్ నడిపితే కాసేపటికే ఆ బ్యాటరీ పడిపోతుంది. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలో ఇంజన్ నడిచినంత సేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, బెంజ్ సర్కిల్ లాంటి చోట సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడ్డప్పుడు మిగిలే కరెంట్ తక్కువే. ఫోను ఒక్కటే మీ అవసరమైతే యూఎస్‌బీ పాయింట్ పెట్టుకోండి, 12 వోల్టుల సాకెట్ జోలికి వెళ్లొద్దు. కంప్రెసర్ తప్పదనుకుంటే కింద చెప్పిన రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పద్ధతి పాటించండి.

నేరుగా బ్యాటరీకి ఎందుకు కలపకూడదు

రెండు వైర్లూ బ్యాటరీ నట్ల కింద బిగించేస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఫోను తీసేశాక కూడా చార్జర్ లోపలి సర్క్యూట్, దాని ఎల్ఈడీ, వోల్టేజీ చూపించే డిస్‌ప్లే ఉంటే అదీ కరెంట్ తాగుతూనే ఉంటాయి. అన్నీ కలిపి 20 మిల్లీ ఆంప్స్ అనుకుందాం. రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్ పోతుంది, 4 ఏహెచ్ బ్యాటరీ నాలుగు రోజుల్లో సగానికి దిగిపోతుంది. సంక్రాంతికి ఊరెళ్లి వారం తర్వాత వచ్చి సెల్ఫ్ నొక్కితే రిలే టకటకమంటుంది తప్ప ఇంజన్ తిరగదు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 బండ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. వాటి పెట్రోల్ పంపుకూ ఈసీయూకూ (ఇంజన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ యూనిట్) కూడా కరెంట్ కావాలి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే బండిని తోసినా లాభం ఉండదు. అందుకే కీ తీసేస్తే సాకెట్ కూడా ఆగిపోవాలి.

కీతో పాటు ఆగే వైరును పట్టుకోవడం

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. హెడ్‌లైట్ వైరు చేతికి దగ్గరగా ఉంది కదా అని దాన్ని తీసుకుంటారు. పాత కమ్యూటర్ బండ్లలో హెడ్‌లైట్ నడిచేది బ్యాటరీ మీద కాదు, మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వచ్చే ఏసీ మీద. ఇంజన్ స్పీడుతో పాటు అది ఎగిరి పడుతుంటుంది. డీసీ కోసం తయారైన చార్జర్‌కు అది తగిలితే చార్జర్ పోతుంది, ఒక్కోసారి దానితో పాటు ఫోను కూడా.

అన్నిటికన్నా అనువైనది వెనక బ్రేక్ స్విచ్ దగ్గరి వైరు. కుడివైపు ఫుట్‌రెస్ట్ పైన, సైడ్ ప్యానెల్ వెనక, స్ప్రింగుతో బ్రేక్ పెడల్‌కు కట్టి ఉండే చిన్న స్విచ్ అది. దానికి రెండు వైర్లు వస్తాయి. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్‌కు ఆనించి, ఎర్ర ప్రోబ్‌తో ఒక్కో వైరూ చూడండి. బ్రేక్ తొక్కకుండా, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, కీ వేయగానే 12 వోల్టులు చూపించి కీ తీయగానే సున్నాకు వచ్చేదే మీకు కావాల్సిన వైరు. రెండో వైరు బ్రేక్ తొక్కితేనే లైవ్ అవుతుంది, అది బ్రేక్ లైటుకు వెళ్లేది, దాన్ని ముట్టుకోవద్దు. దొరికిన వైరు దగ్గర ఇంజన్ స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేసి కూడా చూడండి. 13.5 నుంచి 14.7 మధ్య నిలకడగా ఉండాలి. కీ వేసినప్పుడు ఏమీ లేకుండా ఇంజన్ నడిచినప్పుడు మాత్రమే వోల్టేజీ వచ్చే వైరైతే అది ఏసీ లైను, వదిలేయండి.

రంగు చూసి నిర్ణయించకండి. హోండా బండ్లలో, అదే వైరింగ్ పద్ధతి వచ్చిన హీరో బండ్లలో నల్ల వైరు అంటే కీ వేస్తే లైవ్ అయ్యే ప్లస్, ఎర్త్ ఆకుపచ్చది. యమహాలో నల్లది ఎర్త్, గోధుమ రంగుది కీ మీద వచ్చే ప్లస్. చార్జర్‌తో వచ్చే నల్ల వైరు మాత్రం మైనస్. హోండాలో నల్లదానికి నల్లది కలిపితే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఇంజెక్షన్ బండ్లలో సెన్సార్లకూ, పంపుకూ, ఈసీయూకూ వెళ్లే వైర్ల జోలికి అసలు పోవద్దు. వారంటీలో ఉన్న బండి అయితే ఒరిజినల్ హార్నెస్‌లో (బండితో వచ్చిన వైర్ల కట్ట) ఒక్క వైరు కూడా కోయకుండా పని ముగించండి.

ఏమేం కావాలి

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఆటోనగర్ ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో అన్నీ దొరుకుతాయి, వైరు మీటర్ల లెక్కన కోసిస్తారు. యూఎస్‌బీ పాయింట్‌కు 0.75 స్క్వేర్ ఎంఎం వైరు చాలు. 12 వోల్టుల సాకెట్‌కు 1.5 తీసుకోండి. ఎరుపు రెండు మీటర్లు, నలుపు రెండు మీటర్లు ఉంటే సీటు కింద నుంచి హ్యాండిల్ దాకా సరిపోయి కాస్త మిగులుతుంది. సన్నటి పోగులున్న ఆటో వైరే కావాలి. ఇంట్లో మిగిలిన వైరింగ్ ముక్కల్లో ఒంటి తీగ రకం వాడితే కుదుపులకు లోపల విరుగుతుంది, పైకి కనిపించదు. 10 ఆంప్స్ లోడుకు 0.75 వైరు వేస్తే రానూపోనూ నాలుగు మీటర్లలో ఇంచుమించు ఒక వోల్టు పోతుంది, ఆ పోయినదంతా వైరు వేడెక్కడానికే.

దీంతో పాటు మూతున్న బ్లేడ్ ఫ్యూజ్ హోల్డర్ ఒకటి, ఫ్యూజులు రెండు మూడు ఎక్కువగా, బ్యాటరీ నట్టు సైజుకు తగిన రింగ్ థింబుల్స్, బుల్లెట్ కనెక్టర్లు, హీట్ ష్రింక్ స్లీవు, నల్ల కేబుల్ టైలు. 12 వోల్టుల సాకెట్ పెట్టేవాళ్లకు అదనంగా 12 వోల్టుల నాలుగు పిన్నుల రిలే, దాని బేస్.

ఫ్యూజ్ కాపాడేది ఫోన్ను కాదు, వైరును. ట్యాంకు కింద ఇన్సులేషన్ ఒరిసిపోయి రాగి ఛాసిస్‌కు తగిలిన క్షణంలో బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఆ వైరు గుండా పరిగెడుతుంది, అదీ పెట్రోల్ ట్యాంకు కిందనే. ఆ క్షణం కోసమే ఫ్యూజ్. అందుకే అది కరెంట్ తీసే చోటుకు జానెడు దూరంలోపే ఉండాలి. హ్యాండిల్ దగ్గర, సాకెట్ పక్కన పెట్టిన ఫ్యూజ్ దానికి ముందున్న మీటరున్నర వైరును ఏమీ కాపాడదు. యూఎస్‌బీకి 3 ఆంప్స్, ఊదా రంగుది. అది దొరక్కపోతే 5 ఆంప్స్, లేత గోధుమ రంగుది. 1.5 వైరుతో వేసిన 12 వోల్టుల సాకెట్‌కు 10 ఆంప్స్, ఎర్రది. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందంటే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా లోడు ఎక్కువైంది. దాని బదులు 15, 20 వేసుకుంటూ పోతే చివరికి ఫ్యూజ్ కాకుండా వైరు కాలుతుంది.

బిగించే పని

కీ తీసి, సీటు, సైడ్ ప్యానెల్ విప్పండి. ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయాలి. ప్లస్ ముందు విప్పబోతే స్పానర్ ఛాసిస్‌కు తగిలిందంటే నిప్పురవ్వలు లేస్తాయి. మైనస్ ముందే తీసి ఉంటే తగిలినా ఏమీ కాదు. చివర్లో బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున.

సాకెట్ హ్యాండిల్ మీద ఎక్కడుండాలో చూసుకోండి. పోర్టు నోరు కిందికో పక్కకో ఉండాలి, ఆకాశం వైపు ఎప్పుడూ వద్దు. ఐపీ 66 అని రాసి ఉన్నా ఆ రక్షణ మూత పెట్టి ఉన్నప్పుడే. కేబుల్ గుచ్చి వానలో వెళ్తే అది లెక్కలోకి రాదు. వైరు సాకెట్‌లోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగేలా కట్టండి. వైరు వెంబడి జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

తర్వాత వైరును సీటు వైపు నడపాలి. ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ పైపు ప్రెషర్‌లో ఉంటుంది, ట్యాంకు దించకండి. బైండింగ్ వైరు ముక్క కొసను మడిచి టేపు చుట్టి ట్యాంకు కింద ఫ్రేమ్ వెంబడి దూర్చి, కొత్త వైరును దానికి కట్టి లాగేయవచ్చు. ఒరిజినల్ హార్నెస్ ఏ దారిన వెళ్తోందో ఆ దారే మంచిది. ఇంజన్ హెడ్‌కూ సైలెన్సర్ బెండుకూ దూరంగా పోనివ్వండి. టైలు బిగించే ముందు హ్యాండిల్ ఎడమ చివరికీ కుడి చివరికీ పూర్తిగా తిప్పి చూడాలి. స్టీరింగ్ దగ్గర వైరు బిగుసుకోకూడదు, లాక్ స్టాపర్ మధ్య నలగకూడదు. ఇక్కడ నలిగిన వైరే కొన్ని నెలల తర్వాత షార్ట్ అవుతుంది.

యూఎస్‌బీ పాయింట్ కనెక్షన్ తేలిక. బ్రేక్ స్విచ్ వైర్లు బుల్లెట్ కనెక్టర్లతో కలిసి ఉంటే, ఒక చిన్న జాయింట్ ముక్క తయారు చేసి మధ్యలో పెట్టండి: ఒక కొస ఆడది, ఒక కొస మగది, మూడో కొస మీ ఫ్యూజ్ హోల్డర్‌కు. ఒరిజినల్ వైరు కోయనక్కర్లేదు, ఎప్పుడైనా ఊడదీసి మొదటిలా పెట్టేయవచ్చు. వైరు మీద నొక్కితే పళ్లు దిగే నీలం రంగు క్లిప్పులు వాడకండి. అవి పోగులను తెంపుతాయి, లోపలికి తడి చేరి చిలుము పడుతుంది. టంకం కన్నా క్రింపింగే (కనెక్టర్‌ను వైరు మీద పటకారుతో నొక్కి బిగించడం) మేలు. టంకం పాకినంత మేర వైరు గట్టిపడి, దాని అంచు దగ్గర కుదుపులకు పుటుక్కున విరుగుతుంది. టంకం తప్పనిసరైతే జాయింటుకు రెండు వైపులా వైరు కదలకుండా హార్నెస్‌కు కట్టేయండి. మైనస్ వైరు నేరుగా బ్యాటరీ మైనస్‌కే వేయండి. హ్యాండిల్ బోల్టుకు ఎర్త్ ఇస్తే మధ్యలో పెయింటు, స్టీరింగ్ బాల్‌సెట్లు ఉంటాయి, కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది.

12 వోల్టుల సాకెట్‌కు రిలే కావాలి, ఎందుకంటే కీ స్విచ్ గుండా మరో 10 ఆంప్స్ పంపకూడదు. రిలే అడుగున అంకెలుంటాయి. 30వ పిన్నుకు బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్ మీదుగా వచ్చే వైరు. 87 నుంచి సాకెట్ మధ్య పిన్నుకు ప్లస్. 86కు బ్రేక్ స్విచ్ దగ్గర దొరికిన కీ వైరు, 85కు బ్యాటరీ మైనస్. కొన్ని రిలేల్లో కాయిల్‌కు అడ్డంగా డయోడ్ ఉంటుంది, 85, 86 తారుమారైతే అది పోతుంది. అందుకే ఈ వరస మార్చొద్దు. రిలే కాయిల్ తీసుకునేది 0.2 ఆంప్స్ లోపే కాబట్టి బ్రేక్ లైను మీద భారం పడదు. రిలేను పిన్నులు కిందికి ఉండేలా తగిలించండి. సాకెట్ దగ్గర ప్లస్ మైనస్ మారితే బయటి రేకు లైవ్ అవుతుంది, హ్యాండిల్‌కు తగిలి ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

సరిచూసుకోవడం, చెడితే వెతకడం

ముందు ఫ్యూజ్ పెట్టకుండా బ్యాటరీ కలపండి. తర్వాత ఫ్యూజ్ పెట్టి కీ వేసి సాకెట్ దగ్గర వోల్టేజీ చూడండి, కీ తీస్తే సున్నాకు రావాలి. అంతటితో ఆగొద్దు. లోడు లేనప్పుడు పాడు జాయింటు కూడా 12 వోల్టులు బాగానే చూపిస్తుంది. ఫోను చార్జింగ్ పెట్టి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, సాకెట్‌కు వచ్చే వైరు దగ్గర ఒకసారి కొలవండి. తేడా అర వోల్టు దాటితే ఎక్కడో క్రింపింగ్ సరిగ్గా పడలేదు. ఒక్కో జాయింటూ వేలితో పట్టుకుంటే వేడిగా ఉన్నదే దొంగ. హెడ్‌లైట్, చార్జర్ రెండూ నడుస్తుండగా ఐడిల్‌లో బ్యాటరీ 13 వోల్టులు దాటి ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 12.6 లోపే ఉంటే సిగ్నళ్ల దగ్గర చార్జింగ్ ఆపేసుకోవడం నయం.

చార్జింగ్ అవుతూ ఆగుతూ ఉంటే ముందు కేబుల్ మార్చి చూడండి. సాకెట్ కన్నా కేబులే ముందు పోతుంది. పొట్టిగా, లావుగా ఉన్నది తీసుకోండి. మే నెల మధ్యాహ్నం విజయవాడ నుంచి గుంటూరు వెళ్లేలోపు ఎండలో మ్యాప్ పెట్టి చార్జ్ చేస్తే ఫోను వేడెక్కి తనంతట తానే చార్జింగ్ ఆపేస్తుంది. అది వైరింగ్ లోపం కాదు, ఫోన్ను నీడలోకి తెస్తే మళ్లీ ఎక్కుతుంది. ఆప్టికల్ స్టెబిలైజేషన్ ఉన్న కెమెరా ఫోన్లను మాత్రం గట్టి కుదుపుల బండ్ల హ్యాండిల్ మీద కుదుపు తగ్గించే రబ్బరు మౌంటు లేకుండా పెట్టకండి. కెమెరా ఫోకస్ పాడయ్యే ప్రమాదం ఉంది.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ చుట్టుపక్కల ఎన్నో బండ్లు నీళ్లలో మునిగాయి. అలా మునిగిన బండి మీదైతే కొత్త సాకెట్ వేసే ముందు సీటు కింద కప్లర్లన్నీ విప్పి చూడాలి. పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక పల్చగా డైఎలక్ట్రిక్ గ్రీజు రాసి బిగించండి. చిలుము వైరు లోపలికి పాకి పోగులు నల్లబడి ఉంటే ఆ ముక్క కోసి కొత్తది వేయడమే దారి. బిగించిన నెల రోజులకు ఒకసారి సీటు తీసి బ్యాటరీ నట్లు, ఫ్యూజ్ హోల్డర్ మూత, స్టీరింగ్ దగ్గర వైరు ఒరిపిడి చూడండి. ఆ తర్వాత ప్రతి సర్వీసింగులోనూ ఈ మూడూ చూడమని మెకానిక్‌కు చెప్పండి.