ఓఆర్ఎస్ కలిపేటప్పుడు కొలత ఎందుకు తప్పకూడదు

విరేచనాలతో నీరసించిన పిల్లలకు ఓఆర్ఎస్ ఇచ్చేటప్పుడు, పొడి ఎంత, నీళ్లు ఎన్ని అన్న లెక్కను ఎవరూ తమ ఇష్టప్రకారం మార్చకూడదు. పేగులోని ఒక ప్రోటీను పనితీరుపై ఆ ద్రావణం ఫలితం ఆధారపడి ఉంటుంది.

కణత్వచం ప్రధానంగా కొవ్వు పదార్థాలతో ఏర్పడిన పొర కనుక సోడియం అయాన్లు గానీ గ్లూకోజ్ గానీ దాని గుండా వాటంతట అవి సులభంగా వెళ్లలేవు. చిన్నపేగు లోపలి తలాన ఉన్న కణాలపై ఎస్‌జీఎల్‌టీ1 అనే వాహక ప్రోటీను ఉంటుంది. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు వచ్చి చేరినప్పుడు అది తన ఆకృతిని మార్చుకొని మూడింటినీ కణం లోపలికి విడుస్తుంది. ఇందుకు కావలసిన బలం అదే కణానికి రక్తం వైపు ఉన్న సోడియం-పొటాషియం పంపు నుంచి వస్తుంది: కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒక్కొక్కటిగా ఖర్చు చేసి, ప్రతిసారీ మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చే ఆ పంపు వల్లనే కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగా ఉంటుంది. లోపలికి చేరిన గ్లూకోజ్ జీఎల్‌యూటీ2 అనే మరో వాహకం ద్వారా, శక్తి ఖర్చు లేకుండానే, రక్తం వైపు వెళుతుంది. వీటి వెంట నీరు ద్రవాభిసరణ వల్ల, అంటే కరిగిన పదార్థాలు ఎక్కువ ఉన్న వైపుకు, కదులుతుంది.

సోడియం, గ్లూకోజ్‌ల ఈ జంట రవాణాను 1960లో జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. కలరా విషం పేగు కణాల్లోని క్లోరైడ్ మార్గాలను తెరిచి ఉంచి నీటిని బయటికి పారిస్తున్నా, ఎస్‌జీఎల్‌టీ1 మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతో ఎందరో కలరా రోగుల ప్రాణాలను నిలబెట్టడం సాధ్యమైంది అందువల్లనే.

ఇక కలపడం. చేతులు సబ్బుతో కడుక్కొని, పొట్లంపై రాసి ఉన్న పరిమాణంలో, అంటే లీటరు పొట్లానికి లీటరు, 200 మిల్లీలీటర్ల పొట్లానికి అంతే, కాచి చల్లార్చిన నీటిని కొలిచి తీసుకోవాలి. పొడి మొత్తం ఒకేసారి వేసి పూర్తిగా కరిగేవరకు కలపాలి. చక్కెర గానీ, పండ్లరసం గానీ చేర్చకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ద్రావణ గాఢతను (అందులో కరిగిన కణాల మొత్తాన్ని) లీటరుకు 311 నుంచి 245 మిల్లీఆస్మోల్‌లకు తగ్గించింది. లీటరులో సోడియం, గ్లూకోజ్ రెండూ 75 మిల్లీమోల్‌ల చొప్పున ఉండేలా నిర్ణయించింది. చక్కెర అధికమైతే వాహకాలు తీసుకోగలిగినదానికన్నా ఎక్కువ పేగులోనే మిగిలి, ఒంట్లోని నీటిని తనవైపు లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. నీళ్లు తగ్గిస్తే ఉప్పు అధికమై ప్రమాదం తెస్తుంది. తీపి పానీయాలపై ఓఆర్ఎస్ అన్న పేరు ఉండకూడదని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడింది ఈ కారణంగానే. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ వాడకాన్ని నిషేధించింది.

ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100, అంతకు పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్ల చొప్పున చెంచాతో కొద్దికొద్దిగా తాగించాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మరింత నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. కలిపిన ద్రావణాన్ని 24 గంటలు దాటాక పారబోయాలి. బిడ్డ తాగలేకపోయినా, మగతగా ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.