ఎకినేసియా: విత్తనం నుంచి మందు సీసా దాకా

ఎకినేసియాను మందుగా వాడాలనుకునేవాళ్లు ముందు దాన్ని పెంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. గుళికలు, పొడులు తేలిగ్గానే దొరుకుతాయి. కానీ ఈ మొక్కలో పనికొచ్చే పదార్థాలు నిలవకు ఆగేవి కావు. ఆకులోని సికోరిక్ ఆమ్లం, ఆకు నలిగి నెమ్మదిగా ఆరుతుంటే ఆ ఆకులోని ఎంజైముల వల్లే విరిగిపోతుంది. వేరులోని ఆల్కమైడ్లు, ఎండు వేరు నెలల తరబడి డబ్బాలో పడి ఉంటే తరిగిపోతాయి. మొక్క చేతికందే దూరంలో ఉంటే కోతకూ తయారీకీ మధ్య గంట కూడా పట్టదు. అందుకే నేను పెంపకం గురించి ఇంత వివరంగా చెబుతాను.

ఇది ఉత్తర అమెరికా గడ్డి మైదానాల మొక్క. చామంతి కుటుంబానిది. లకోటా, చెయెన్, పానీ, ఒమాహా వంటి ఆదివాసీ తెగలవాళ్లు పంటినొప్పికి, గొంతునొప్పికి, పాముకాటుకు దీని వేరు వాడేవారు. 1880ల్లో నెబ్రాస్కాలోని పానీ సిటీలో మేయర్ అనే ఆయన ఈ వేరుతో మందు చేసి అమ్మేవాడు. దాని గుణం రుజువు చేయడానికి ర్యాటిల్‌స్నేక్ చేత కరిపించుకోవడానికైనా సిద్ధమన్నాడు. పాముకాటు మాట మాత్రం చరిత్రలోనే ఉండనివ్వండి. కాటు పడితే వెళ్లాల్సింది ఆస్పత్రికే.

1930ల్లో జర్మనీకి చెందిన మూలికా మందుల తయారీదారు గెర్హార్డ్ మడౌస్ సన్నాకు రకం, అంటే అంగుస్టిఫోలియా, అనుకుని తెచ్చుకున్న విత్తనాలు మొలిచి చూస్తే వెడల్పాకు రకం, అంటే పర్పురియా. తర్వాత ఐరోపాలో జరిగిన పరిశోధనల్లో చాలా భాగం ఆ రకం మీదే జరిగింది. పెరట్లో పెంచుకునేవాళ్లకు ఇది కలిసొచ్చింది. మందుకు వాడే మూడు రకాల్లో పెంచడానికి సులువైనది కూడా అదే.

గుర్తుపట్టడం

పువ్వు రంగు చూసి తేల్చకండి. మధ్యనున్న బొడిపెను వేలితో నొక్కి చూడండి. ఎకినేసియా అయితే గట్టిగా, ముళ్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ ముళ్ల కొసలు నారింజ రంగులో మెరుస్తుంటాయి. దగ్గరగా చూస్తే వాటి మధ్య ఇరుక్కుని చిన్న చిన్న పువ్వులు కనిపిస్తాయి. అసలు పువ్వులు అవే. బయటి అంచున మొదలై, వరుస తర్వాత వరుస లోపలికి విచ్చుకుంటూ పోతాయి. అందుకే ఒక్కోరోజు బొడిపె చుట్టూ పసుపు పుప్పొడి ఉంగరం ఒకటి కనిపిస్తుంది, మర్నాటికి అది కాస్త పైకి జరుగుతుంది. చుట్టూ ఉన్న గులాబీ రేకలు గింజ కట్టవు. తేనెటీగల్ని, సీతాకోకచిలుకల్ని పిలవడమే వాటి పని. పువ్వు ముదిరే కొద్దీ అవి కిందికి వాలిపోతాయి.

ఎకినేసియాలాగే రుడ్‌బెకియాను కూడా కొందరు ఇంగ్లిషులో కోన్‌ఫ్లవర్ అనే పిలుస్తారు. మామూలుగా దాని రేకలు పసుపు రంగు, బొడిపె ముదురు గోధుమ రంగు. నొక్కితే గుచ్చుకోదు. మందు మొక్కగా అది వేరే, ఇది వేరే.

ఇక ఆ మూడు రకాలు. పర్పురియా 60 నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఆకు మొదట్లో వెడల్పుగా ఉండి కొసకు సన్నబడుతుంది, అంచున రంపపు పళ్లుంటాయి, తడిమితే గరుకు. వేర్లు గుబురుగా ఉంటాయి. అంగుస్టిఫోలియా పొట్టిది, ఆకులు సన్నగా, అంచులు నున్నగా ఉంటాయి. నేలలోకి లోతుగా తల్లివేరు దించుతుంది. పాల్లిడా రేకలు పొడుగ్గా, పాలిపోయిన గులాబీ రంగులో వేలాడుతుంటాయి. దాని పుప్పొడి తెల్లగా ఉంటుంది, మిగతా రెండింటిదీ పసుపు.

పువ్వు చూడకుండా ఏ మొక్క ఆకూ మందు కోసం కోయొద్దు. పూత రాని దశలో నేలను అంటిపెట్టుకుని ఉన్న ఆకుల గుత్తిని డిజిటాలిస్ ఆకులతో పొరబడే ప్రమాదం ఉంది. డిజిటాలిస్ ఆకు మెత్తగా, నూగుతో ఉంటుంది. అది గుండె మీద పనిచేసే విషం.

ఎండు వేరు కొనేవాళ్లకూ ఒక మాట. వయ్యారిభామకు దగ్గరి చుట్టమైన పార్థీనియం ఇంటెగ్రిఫోలియం వేరును ఎకినేసియా పేరుతో అమ్మిన కాలం ఉంది. పర్పురియా, అంగుస్టిఫోలియా వేర్లకు నాలుకే మంచి పరీక్ష. చిన్న ముక్క నమిలితే ముందు మట్టి రుచి, కాస్త తీపి, ఆ తర్వాత అక్కలకర్ర నమిలినట్టు నాలుక జివ్వుమని మొద్దుబారుతుంది. రెండింట్లోనూ ఆ పని చేసేవి ఆల్కమైడ్లే. నాలుక జివ్వుమనకపోతే వేరు పాతదైనా అయి ఉండాలి, వేరే మొక్కదైనా అయి ఉండాలి. పాల్లిడాకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. దానిలో ఆల్కమైడ్లు చాలా తక్కువ.

విత్తనం, నారు, మడి

మందు కోసమైతే మామూలు పర్పురియా విత్తనాలే తీసుకోండి. నారింజ, పసుపు, ముద్దరేకల సంకర రకాలను అందం కోసం తయారు చేశారు. వాటిలో చాలావాటికి పర్పురియాకున్న మొండితనమూ ఉండదు.

విత్తనాలకు చలి చూపిస్తే మొలక సమంగా వస్తుంది. ఇసుకను తడిపి, పిడికిట్లో పిండితే నీటి చుక్క రాలనంత చెమ్మగా ఉంచి, విత్తనాలు కలిపి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర నాలుగు వారాలు ఉంచాలి. వారానికోసారి మూత తీసి బూజు పట్టిందేమో, తొందరపడి మొలిచినవి ఉన్నాయేమో చూడండి. పర్పురియా ఈ చలి లేకుండానూ మొలుస్తుంది గానీ, ఒకటి ఈ రోజు, ఇంకొకటి మూడు వారాలకు అన్నట్టు వస్తుంది. అంగుస్టిఫోలియా అయితే చలి తప్పనిసరి, అదీ 8 నుంచి 12 వారాలు.

విత్తనం మీద 3 మిల్లీమీటర్లకు మించి మట్టి వద్దు. 20 నుంచి 24 డిగ్రీల వెచ్చదనంలో 10 నుంచి 20 రోజుల్లో మొలకలు వస్తాయి. ఈ దశలో తడి ఎక్కువైతే నారుకుళ్లు వస్తుంది. పైనుంచి పోయకుండా, ట్రేను నీళ్లున్న పళ్లెంలో కాసేపు పెట్టి కింది నుంచి పీల్చుకోనివ్వండి. నాలుగైదు అసలు ఆకులు రాగానే మడిలోకి మార్చుకోవచ్చు.

మడి ఎక్కడన్నది అన్నిటికన్నా ముఖ్యం. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. నీరు నిలిచే చోట ఈ మొక్క బతకదు. నా చేతిలో ఉంటే ప్రతి మడినీ నేలకన్నా జానెడు ఎత్తుగా కట్టి, బరువు నేలైతే ముతక ఇసుక, కంపోస్టు కలుపుతాను. మొక్కకూ మొక్కకూ 45 సెంటీమీటర్లు వదలండి. దగ్గరగా నాటితే గాలి ఆడక బూడిద తెగులు పడుతుంది. నాటేటప్పుడు ఆకులు పుట్టే మొదలు మట్టిలో కూరుకుపోకుండా చూసుకోండి. మొదలు కుళ్లడానికి అదే దారి. వేసవి తీవ్రంగా ఉండే చోట మధ్యాహ్నం కాస్త నీడ పడితే మంచిది.

మొదటి ఏడాది క్రమం తప్పకుండా నీళ్లు పోయాలి. ఆ తర్వాత పైమట్టి బాగా ఆరనిచ్చి, పోసినప్పుడు లోతుగా తడిసేలా పోస్తే చాలు. యూరియా జోలికి వెళ్లకండి. కాండం ఏపుగా సాగి పడిపోతుంది. వసంతంలో ఓ పలచటి పొర కంపోస్టు చాలు. మొదటి ఏడు సాధారణంగా ఆకులే వస్తాయి, పూత రెండో ఏడు. ఆ ఆగే కాలంలో మొక్క కింద వేరు కట్టుకుంటోందని గుర్తుంచుకోండి. చలికాలం బొత్తిగా లేని చోట ఈ మొక్క ఎక్కువ ఏళ్లు నిలవదు. అక్కడ ఏటా కొత్త నారు పోసుకుంటూ ఆకు, పువ్వు మీద ఆధారపడటం నయం.

పురుగులకు నేను పెద్దగా భయపడను. భయపడాల్సింది ఒక్కదానికే. పువ్వు బొడిపె నుంచి పచ్చటి ఆకుల్లాంటివి మొలుచుకొచ్చి, రేకలు పచ్చబడి వంకర్లు తిరిగితే అది ఆస్టర్ ఎల్లోస్. నువ్వుల చేలో వెర్రి తెగులు చూసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. అదీ ఇదీ ఫైటోప్లాస్మా వల్ల వచ్చేవే, దీపపు పురుగులే మోసుకొస్తాయి. మందు లేదు. మొక్కను వేళ్లతో సహా పీకి పారేయాలి. పచ్చని ఆకారాలు లేకుండా బొడిపె మీద మాత్రమే రేకల కుచ్చులు కనిపిస్తే అది నల్లి పని కావచ్చు. అప్పుడు పువ్వు కోసేస్తే సరిపోతుంది.

ఆకు, పువ్వు కోత

రెండో ఏడు నుంచి కోయొచ్చు. బొడిపెలో సగం వరుసలు విచ్చుకున్నప్పుడు, మంచు ఆరిన ఉదయం, కింది ఆకులు వదిలేసి కాండాన్ని కోయండి. ఒక్కో మొక్క నుంచి మూడో వంతుకు మించి తీసుకోవద్దని నా నియమం. మిగిలినది తేనెటీగలకు, విత్తనానికి.

ఎండబెట్టేటట్టయితే ఆకుల్ని నలపకుండా, తరగకుండా విడివిడిగా పరిచి, నీడలో గాలి ఆడే చోట త్వరగా ఆరనివ్వాలి. వేడి 40 డిగ్రీలు దాటకూడదు. ఆకు చిటుక్కున విరిగే దాకా ఆరాక గాజు సీసాలో పోసి, తేదీ రాసి, చీకట్లో పెట్టండి. ఏడాది దాటినది వాడకండి.

టీ కోసం 1 నుంచి 2 గ్రాముల ఎండు ఆకు, పువ్వు కప్పు మరుగు నీళ్లలో వేసి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచాలి. గొంతు గరగరకు గోరువెచ్చగా పుక్కిలించి మింగుతాను. అయితే ఆల్కమైడ్లు నీటిలో సరిగా కరగవు, ఆల్కహాలులో బాగా కరుగుతాయి. టించరు, అంటే మొక్కను ఆల్కహాలులో నానబెట్టి తీసే సారం, చేయడానికి కారణం అదే.

తాజా ఆకు, పువ్వు 100 గ్రాములు సన్నగా తరిగి, తరిగిన వెంటనే 200 మిల్లీలీటర్ల గాఢమైన, తాగడానికి పనికొచ్చే ఇథైల్ ఆల్కహాలులో ముంచండి. తాజా మొక్కలో నీరే ఎక్కువ కాబట్టి పలచటి మద్యం సరిపోదు. రంగులు వేయడానికి అమ్మే స్పిరిట్ విషం, దాన్ని ముట్టుకోవద్దు. మొక్క పూర్తిగా మునిగి ఉండాలి. నాలుగు వారాలు చీకట్లో ఉంచి, రోజూ ఓసారి కుదిపి, గుడ్డలో పిండి వడకట్టండి.

ఎప్పుడు, ఎంత, ఎవరికి

జలుబు మొదలైందని తెలిసిన రోజే మొదలుపెట్టాలి. నేను అర గ్లాసు నీళ్లలో 1 నుంచి 2 మిల్లీలీటర్ల టించరు, రోజుకు మూడుసార్లు తీసుకుంటాను. పది రోజులకు మించి కొనసాగించకండి. ఐరోపా ఔషధ సంస్థ పర్పురియా రసానికి చెప్పిన హద్దు కూడా అదే.

దీని బలం ఎంతో ఉన్నదున్నట్టు చెప్పాలి. వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2014 సమీక్ష 24 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 4,600 మందికి పైగా మనుషుల ఫలితాలను కలిపి చూసింది. జలుబు వచ్చాక దాన్ని తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. రాకుండా ఆపడంలో కొద్దిపాటి మేలు ఉండవచ్చని అనిపించింది. ఆ ప్రయోగాల్లో వాడిన మందులు ఒకదానికొకటి పోలిక లేనివి: ఒకచోట రసం, ఒకచోట వేరు, ఒకచోట వేరే రకం. నాకు గొంతునొప్పిలో హాయినిస్తుంది, వాడతాను. న్యుమోనియాను ఇది ఆపుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. జ్వరం దిగకపోతే, ఊపిరి ఆడకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చామంతి, బంతి, వయ్యారిభామ పుప్పొడి పడనివాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. ఒళ్లంతా దద్దుర్లు, అరుదుగా ప్రాణాపాయమైన అలర్జీ కూడా రావచ్చు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి జబ్బులున్నవాళ్లు, క్షయ, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగి మందులు వాడుతున్నవాళ్లు వద్దు. 12 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వొద్దని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరించింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా తీసుకోవద్దు. కాలేయంలో విరిగిపోయే కొన్ని మందులు ఒంట్లో ఎంత నిలుస్తాయన్నది ఇది మార్చగలదు. రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు కూడా అడిగే వాడాలి.

వేరు

వేరు తీయడానికి మూడో ఏడో, నాలుగో ఏడో దాకా ఆగాలి. శరదృతువు చివర ఆకులు ఎండి, మొక్క బలమంతా కిందికి దిగాక తవ్వండి. అడవి మొక్కల జోలికి అసలు పోవద్దు. అమెరికా గడ్డి మైదానాల్లో అంగుస్టిఫోలియాను వ్యాపారం కోసం విపరీతంగా తవ్వేశారు. వేరు తీస్తే ఆ మొక్క అక్కడితో ఆగిపోవచ్చు.

మొదలు చుట్టూ జానెడు దూరంలో పార గుచ్చి, గడ్డను కదిలించి పైకి లేపండి. మట్టి కడిగేసి, పచ్చిగా ఉన్నప్పుడే నిలువుగా చీల్చి ముక్కలు చేయాలి. ఎండాక కత్తి దిగదు. టించరు వేయదలిస్తే అప్పుడే వేసేయండి. ఎండబెట్టిన వేరైతే 100 గ్రాములకు 500 మిల్లీలీటర్ల 50 శాతం ఆల్కహాలు. మోతాదు ఆకు టించరుదే.

పర్పురియాలో గడ్డ మీద మొగ్గలు కనిపిస్తాయి. మొగ్గతో పాటు కొన్ని వేర్లు ఉండేలా కోసి, ఆ ముక్కల్ని ఆ రోజే మడిలో తిరిగి నాటండి. మొగ్గ మట్టి మట్టానికి సమంగా ఉండాలి. ఒకసారి తడిపి వదిలేస్తే వసంతంలో కొత్త ఆకు వేస్తుంది. తల్లివేరు రకాలను ఇలా విడదీస్తే తట్టుకోవడం కష్టం, వాటికి విత్తనమే దారి.