చికిత్సపై నిర్ణయం తీసుకునే సామర్థ్యం రోగికి ఉందో లేదో ఎలా తేల్చాలి?

వార్డులో ఈ ప్రశ్న సాధారణంగా రోగి "వద్దు" అన్నప్పుడే తలెత్తుతుంది. ఆపరేషనుకు తలూపిన వ్యక్తి మానసిక స్థితి గురించి ఎవరూ ఆరా తీయరు. కాదన్న వ్యక్తి కోసం మాత్రం మానసిక వైద్యుణ్ణి పిలిపిస్తారు. ఈ అలవాటు సరైనది కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచీ, పాడేరు, అరకు ఏజెన్సీ నుంచీ విశాఖపట్నం పెద్దాసుపత్రులకు వచ్చేవారిలో డాక్టరు మాటకు ఎదురు చెప్పడానికి జంకేవారు చాలామంది ఉంటారు. "మీరెలాగంటే అలాగే బాబూ" అని వేలిముద్ర వేసిన రోగికి తాను దేనికి ఒప్పుకున్నాడో తెలియకపోవచ్చు. కాబట్టి ముప్పు ఎక్కువగా ఉన్న ప్రతి చికిత్సకూ ముందు, రోగి ఔనన్నా కాదన్నా, ఈ పరీక్ష ఒకే తీరుగా జరగాలి. దీన్ని చేయవలసింది చికిత్స ప్రతిపాదిస్తున్న డాక్టరే. మానసిక వైద్యుడి సలహా సందేహం తీరనప్పుడు అవసరమవుతుంది.

చట్టం సామర్థ్యం ఉందన్న భావనతోనే మొదలవుతుంది. 2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 4వ సెక్షను ప్రకారం, మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన ఎవరూ నిర్ణయాధికారం కోల్పోరు. ఇతరులకు తప్పుగా తోచే నిర్ణయం తీసుకోవడం ఒక్కటే సామర్థ్యం లేదనడానికి ఆధారం కాదు. ఆ చట్టం మానసిక చికిత్సకు సంబంధించినదే అయినా, ఈ సూత్రాలు సర్జికల్ వార్డులోనూ అనుసరించదగినవే. సాధారణ వైద్యంలో సమ్మతి ఎలా ఉండాలో సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది: పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతి గర్భసంచి తొలగింపునకు చెల్లదు, సామర్థ్యం ఉన్న వయోజనురాలు మత్తులో ఉండగా, ప్రాణాపాయం లేని పరిస్థితిలో, తల్లి ఒప్పుకోలు ఆమె సమ్మతికి బదులు కాజాలదు.

మాట్లాడే ముందు రోగి స్థితిని చక్కదిద్దాలి. జ్వరం, రక్తంలో ఆక్సిజను, చక్కెర, సోడియం స్థాయిల్లో తేడా, మత్తు కలిగించే మందులు, మద్యం హఠాత్తుగా మానడం వల్ల వచ్చే కలవరం — వీటిలో ఏది ఉన్నా నిన్న స్పష్టంగా మాట్లాడిన మనిషి ఇవాళ తడబడవచ్చు, రేపు మళ్లీ తేరుకోవచ్చు. చికిత్స ఆగగలిగితే నిర్ణయమూ ఆగాలి. సాయంత్రమయ్యేసరికి గందరగోళపడే వృద్ధుల్ని ఉదయమే అడగడం మేలు. కళ్లజోడు, చెవి మిషను ఇంట్లో వదిలి వచ్చారేమో చూడాలి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారికి ఆ భాష తెలిసిన సిబ్బందిని వెతకాలి. చిన్నపిల్లల చేత అనువాదం చేయించకూడదు. బంధువుల్ని కాసేపు బయట కూర్చోమనడం అన్నిటికంటే కష్టమైన పని, ఎందుకంటే మన దగ్గర రోగిని అడిగిన ప్రశ్నకు కొడుకో అల్లుడో జవాబిస్తారు. "మీతోనూ మాట్లాడతాను, ముందు పెద్దాయన మాట విననివ్వండి" అంటే చాలామంది అర్థం చేసుకుంటారు.

పరీక్షలో చూడవలసినవి నాలుగు: చెప్పింది అర్థం చేసుకోవడం, అది తనకే వర్తిస్తుందని గ్రహించడం, మంచిచెడులు బేరీజు వేయడం, నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో తెలపడం. షుగరు వల్ల పాదం కుళ్లి, మోకాలి కింద తీసేయవలసి వచ్చిన ఒక వృద్ధ మత్స్యకారుణ్ణి ఊహించుకుందాం. "అర్థమైందా?" అని అడిగితే ఆయన ఔననే అంటారు, ఆ ప్రశ్నకు విలువ లేదు. "తాతగారూ, నేను సరిగ్గా చెప్పానో లేదో తెలుసుకోవాలి. మీ కాలికి ఏమైందో, మేమేం చేద్దామంటున్నామో ఇంటికెళ్లాక అమ్మగారికి ఎలా చెప్తారు?" అని అడగాలి. "కాలు తియ్యకపోతే విషం ఒళ్లంతా పాకి పోతానంటన్నారు. తెలుసు బాబూ. కాలు నేకుండా ఒకరి మీద పడి బతకలేను" అని ఆయన అంటే, ఆ నిర్ణయం మనకు ఎంత బాధ కలిగించినా, నాలుగు అంశాలూ అందులో కనిపిస్తున్నాయి.

అదే మనిషి "నా కాలికేటీ అవనేదు, నొప్పే నేదు" అంటే వెంటనే సామర్థ్యం లేదని రాయకూడదు. షుగరు నరాల్ని దెబ్బతీసినందువల్ల ఆయనకు నిజంగానే నొప్పి తెలియదు. కట్టు కింద ఏముందో ఆయన చూసి ఉండకపోవచ్చు. డ్రెస్సింగు మార్చే వేళ పాదాన్ని చూపించి, అవసరమైతే అడుగుభాగానికి అద్దం పట్టి, మళ్లీ అడగాలి. చూశాక కూడా నల్లబడిన వేళ్లు తనవి కావనో, ఎవరో చేతబడి చేశారు కాబట్టి కత్తి పెడితే చస్తాననో గట్టిగా నమ్ముతుంటే, అప్పుడు గ్రహింపు విషయంలో సందేహం బలపడుతుంది. ఒక ఊరివాళ్లందరూ నమ్మే విషయానికీ ఒక్కరి భ్రాంతికీ తేడా ఉంటుంది గనుక ఇంటివారిని విచారించాలి. తీవ్రమైన దిగులుతో ఉన్నవారు అన్నీ సరిగ్గా ఒప్పజెప్పి కూడా "నాలాంటివాడికి వైద్యం దండగ" అంటారు. వారి విషయంలో మానసిక వైద్యుడి సలహా తప్పనిసరి.

సామర్థ్యం లేదనడానికి స్కిజోఫ్రీనియా (భ్రాంతులు కలిగించే మానసిక వ్యాధి) ఉందన్న కారణం కూడా చాలదు. ఇంగ్లండులో బ్రాడ్‌మూర్ మానసిక ఆసుపత్రిలో ఉన్న, ఆ వ్యాధే ఉన్న 68 ఏళ్ల రోగి ఒకరు సరిగ్గా ఇలాగే పాదం కుళ్లినప్పుడు కాలు తీయడానికి ఒప్పుకోలేదు. తాను గొప్ప డాక్టరునన్న భ్రాంతి ఆయనకు ఉన్నా, ఈ చికిత్స గురించి అర్థం చేసుకోగలరని తేల్చి కోర్టు ఆయన మాటనే నిలబెట్టింది. ఆయన బతికారు కూడా. జ్ఞాపకశక్తి పరీక్షలో వచ్చిన మార్కులూ అంతే: అవి హెచ్చరిక మాత్రమే. సామర్థ్యాన్ని ఒక్కో నిర్ణయానికీ విడిగా చూడాలి: రక్తపరీక్షకు ఒప్పుకోగలిగిన వ్యక్తికి గుండె ఆపరేషను గురించి నిర్ణయించగల శక్తి లేకపోవచ్చు.

సామర్థ్యం లేదని తేలితే, అది తిరిగి వచ్చే అవకాశం ఉందా అన్నది మొదట చూడాలి. ప్రాణం నిలపడానికి ఆలస్యం కుదరని స్థితిలో, సమ్మతి పొందే వీలు లేనప్పుడు, సద్భావంతో చేసిన చికిత్సకు భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షను రక్షణ ఇస్తుంది. తక్కిన సందర్భాల్లో బంధువుల్ని "మీరేమంటారు?" అని కాక, "ఆయన తెలివిలో ఉంటే ఏమనేవారు?" అని అడగాలి. మానసిక చికిత్స అయితే రోగి ముందుగా రాసిచ్చిన ఆదేశం, ఎంచుకున్న ప్రతినిధి ఉన్నారేమో విచారించాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 89వ సెక్షను కింద, అంటే ప్రతినిధి దరఖాస్తుపై, ఆసుపత్రిలో చేర్చుకున్నవారి సామర్థ్యాన్ని ప్రతి 7 రోజులకూ మళ్లీ పరీక్షించాలి.

కేస్‌షీటులో "రోగికి మతిస్థిమితం లేదు" అన్న ఒక్క ముక్క ఎందుకూ పనికిరాదు. తేదీ, సమయం, ఏ నిర్ణయం గురించి అడిగారు, ఏ భాషలో, ఎవరి సమక్షంలో, ఏం వివరించారు, రోగి ఏమన్నారు, నాలుగు అంశాల్లో ఏది లోపించింది, మళ్లీ ఎప్పుడు చూస్తారు — ఇవన్నీ ఉండాలి. రోగి మాటల్ని మన పుస్తక భాషలోకి మార్చకుండా ఆయన అన్నవి అన్నట్లే రాసి, కింద సంతకం పెట్టాలి.