రాత్రయ్యేసరికి నెట్ ఎవరికీ సరిగ్గా రావట్లేదా? ముందు అప్‌లోడ్ చూడండి

లక్షణం ఇలా ఉంటుంది. పగలు నెట్ బాగానే వస్తుంది. రాత్రి తొమ్మిదయ్యేసరికి టీవీ, నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు ఒకేసారి వైఫై మీద పడతాయి. మీటింగ్‌లో మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. వాట్సాప్ కాల్ మధ్యలో 'రీకనెక్టింగ్' అంటుంది. మామూలు పేజీ తెరుచుకోవడానికే పది సెకన్లు పడుతుంది. ఆ తర్వాత స్పీడ్ టెస్ట్ పెడితే ప్లాన్‌లో ఉన్న స్పీడ్ దాదాపుగా చూపిస్తుంది. ఇక అందరూ చేసే పని, పెద్ద ప్లాన్ తీసుకోవడం. ఆ డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

మొదట కేబుల్. ఎవరు అడిగినా నేను ముందు ఇదే అడుగుతాను, దాదాపు అందరూ "అది చూడలేదండీ" అంటారు. మిగతా పరికరాల వైఫై ఆపేసి, ల్యాప్‌టాప్‌కి లాన్ కేబుల్ పెట్టి టెస్ట్ చేయండి. కేబుల్‌లో బాగా వచ్చి వైఫైలో రాకపోతే మీది సిగ్నల్ సమస్య. టీవీని, ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉండాల్సిన పాత పరికరాలకి 1, 6, 11 ఛానెళ్లలో పక్కిళ్ల రద్దీ తక్కువ ఉన్నది పెట్టండి. ప్లాన్ 200 ఎంబీపీఎస్ అయ్యుండి కేబుల్‌లో 95 దగ్గర ఆగిపోతుంటే, రౌటర్ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది అయ్యుండాలి, లేదా కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో ఏదో తెగి ఉండాలి.

కేబుల్‌లో కూడా బాగానే ఉండి, అందరూ వాడేటప్పుడే చచ్చుబడుతోందంటే అసలు దొంగ అప్‌లోడే. దీని చేతిలో నేను బాగా దెబ్బతిన్నాను.

కాకినాడలో మా అక్కవాళ్లింట్లో 200 ఎంబీపీఎస్ ప్లాన్. డౌన్‌లోడ్ 200 వస్తుంది, అప్‌లోడ్ మాత్రం 20. బావగారికి రాత్రిపూట క్లయింట్ కాల్స్. "ఒరేయ్, మీ బావగారి కాల్ మళ్లీ తెగిపోయిందిరా" అని అక్క వారంలో మూడుసార్లు ఫోన్ చేసేది. ఛానెల్ మార్చాను, రౌటర్‌ని హాల్లోకి తెచ్చాను, చివరికి కొత్త రౌటరే కొనిపించాను. ఏమీ మారలేదు. ఒకరోజు రాత్రి అక్కడే ఉండి చూస్తుంటే, ఫ్రిజ్ పక్కన ఛార్జింగ్‌లో ఉన్న అక్కావాళ్ల అత్తగారి ఫోన్ కంటపడింది. ఆ వారమే పెళ్లికి వెళ్లొచ్చారు. గూగుల్ ఫోటోస్ తెరిస్తే ఇంకా వెయ్యికి పైగా ఫోటోలు, వీడియోలు బ్యాకప్ అవుతున్నాయి. బ్యాకప్ ఆపాను. లోపలి గదిలో బావగారి కాల్ ఒక్క నిమిషంలో కుదుటపడింది.

లెక్క చూడండి. 18 జీబీ వీడియోలు 20 ఎంబీపీఎస్‌లో పైకి వెళ్లడానికి నిండా రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ లైను పూర్తిగా నిండి ఉంటుంది. మీరు డౌన్‌లోడ్ చేసే ప్రతి దానికీ "అందింది, ఇంకా పంపు" అని మీ వైపు నుంచి చిన్న చిన్న జవాబులు వెళ్తుండాలి. అవి కూడా ఆ వీడియోల వెనకాలే క్యూలో నిలబడతాయి. అందుకే అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా నత్తనడక నడుస్తుంది. వీడియో కాల్‌కి కావాల్సింది మూడు నాలుగు ఎంబీపీఎస్ మాత్రమే, కానీ అది సమయానికి అందాలి. ఈ క్యూ జబ్బుకి బఫర్‌బ్లోట్ అని పేరు.

మీ ఇంట్లో ఇదేనా అని తేల్చుకోవడం తేలిక. ల్యాప్‌టాప్‌లో 8.8.8.8కి (గూగుల్ సర్వర్) పింగ్, అంటే చిన్న సందేశం వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం కొలిచే కమాండ్, నడుపుతూ, ఫోన్ నుంచి పెద్ద వీడియో ఒకటి డ్రైవ్‌లోకి ఎక్కించండి. 10, 15 మిల్లీసెకన్లు ఉన్న పింగ్ 400కో 700కో ఎగబాకితే ఇదే.

ఆ రాత్రికి బ్యాకప్ ఆపితే చాలు. కానీ రేపు సీసీ కెమెరా క్లౌడ్‌లోకి పంపుతుంది, ఎల్లుండి పిల్లాడి ల్యాప్‌టాప్ వన్‌డ్రైవ్ మొదలుపెడుతుంది. ఎన్నిటి వెంట పడతారు? రౌటర్‌లోనే సరిచేయాలి. క్యూఓఎస్ (QoS) లేదా బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అనే, స్పీడ్‌కి పరిమితి పెట్టే మెనూ ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ మీరు కొలిచిన స్పీడ్‌లో 85 నుంచి 90 శాతం దగ్గర పెట్టండి. ప్లాన్ కాగితం మీది అంకె వేయకండి. కొన్ని రౌటర్లు కేబీపీఎస్‌లో అడుగుతాయి. అప్‌లోడ్ 20 వస్తుంటే అక్కడ 18000 వేయాలి, 18 వేస్తే ఇంట్లో నెట్టే ఉండదు. ఈ కాస్త స్పీడ్ ఎందుకు వదులుకోవాలంటే, అప్పుడే క్యూ ఆపరేటర్ బాక్సులో (నెట్ కంపెనీ ఇంట్లో పెట్టిన మోడెమ్) కాకుండా మన రౌటర్‌లో ఏర్పడుతుంది. మన దగ్గర ఉన్న క్యూనే మనం పంచగలం.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (OpenWrt, రౌటర్లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసుకోగలిగిన రౌటర్ అయితే ఇంకా మంచిది. ఎస్‌క్యూఎం (SQM) అనే, క్యూని సరిచేసే ప్యాకేజీ పెట్టి, వ్యాన్ ఇంటర్‌ఫేస్ (బయటి నెట్ వచ్చే వైపు) మీద 'కేక్' అనే క్యూ పద్ధతి ఎంచుకోండి. ఇది 2018లో, ఈ సాఫ్ట్‌వేర్‌కి ఆధారమైన లినక్స్‌లో (4.19 కెర్నెల్) చేరింది. పాత పద్ధతులు కనెక్షన్ల లెక్కన పంచుతాయి, కాబట్టి యాభై కనెక్షన్లు తెరిచే టొరెంట్‌దే పైచేయి అవుతుంది. కేక్ పరికరాల లెక్కన పంచగలదు. అందుకు దాని నాట్ ఆప్షన్ (బయటికి ఒకే అడ్రస్‌తో వెళ్లే ఇంటి పరికరాలను విడివిడిగా గుర్తించేది) ఆన్ చేయడం మర్చిపోవద్దు. రౌటర్ పాతదై ఈ పని మోయలేక మొత్తం స్పీడ్ పడిపోతే డౌన్‌లోడ్ పరిమితి తీసేసి అప్‌లోడ్‌కి మాత్రమే ఉంచండి. సగానికి పైగా బాధ దాంతోనే పోతుంది.

ఇదంతా చేసినా తేడా లేదంటే ఆపరేటర్ బాక్సు చూడండి. దాని వైఫై కూడా ఆన్‌లో ఉంటే, ఇంట్లో సగం ఫోన్లు దానికే కనెక్ట్ అయి మీ రౌటర్‌ని తాకకుండానే బయటికి వెళ్తాయి. మీరు పెట్టిన పరిమితి వాటికి వర్తించదు. ఆ బాక్సు వైఫై ఆపేసి అన్నిటినీ మీ రౌటర్ కిందికి తెండి.

డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) మార్చడం, వైరస్ ఉందేమో అనుకోవడం, పక్కింటివాళ్లు పాస్‌వర్డ్ కొట్టేశారనుకోవడం, ఇవన్నీ నూటికి ఒకటి. నెల కోటా అయిపోయి స్పీడ్ తగ్గించారేమో మాత్రం యాప్‌లో ఒకసారి చూసుకోండి.

సెట్ చేశాక మళ్లీ అదే వీడియో ఎక్కిస్తూ పింగ్ చూడండి. 50 లోపు ఉంటే అలాగే వదిలేయండి. ఇంకా 100 దాటుతుంటే అప్‌లోడ్ అంకెను మరో 5 శాతం తగ్గించి మళ్లీ చూడండి.