చిన్న కేర్ హోమ్‌లో పెద్దవాళ్లను ఎలా చూస్తున్నారో తేల్చుకోవడం

బెంగళూరులో చిన్న కేర్ హోమ్ అంటే చాలావరకు అద్దెకు తీసుకున్న రెండంతస్తుల ఇల్లే. పది పన్నెండు మంచాలు, నలుగురైదుగురు ఆయాలు, ఒక నర్సు, ఒక వంటమనిషి ఉంటారు. చూడ్డానికి వెళ్తే ముందు గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, పండగలకు తీసిన ఫోటోలు చూపిస్తారు. అవన్నీ పక్కన పెట్టండి. మంచం దిగలేని మనిషి, నోరు తెరిచి అడగలేని మనిషి అక్కడ ఎలా ఉన్నారో చూస్తే ఆ హోమ్ సంగతి తెలిసిపోతుంది. నడవగలిగినవాళ్లు, మాట్లాడగలిగినవాళ్లు తమకు కావలసింది ఎలాగోలా అడిగి చేయించుకుంటారు. ఇవాళ మీ అమ్మగారు చేతికర్రతో తిరుగుతున్నా, రెండేళ్లకు ఆ మంచం మీదికే రావచ్చు.

ఏ వేళకు వెళ్లాలి

మొదటిసారి చెప్పి వెళ్లండి, రెండోసారి చెప్పకుండా వెళ్లండి. పొద్దున ఆరున్నర మంచి సమయం. రాత్రి డైపర్ ఎప్పుడు మార్చారో, ఎంతమంది తడి పక్కలో పడుకున్నారో అప్పుడు కనబడుతుంది. ఆదివారం సాయంత్రం కూడా అంతే, ఎందుకంటే మేనేజరు ఉండరు, సిబ్బంది తగ్గుతారు. స్నానాలు చేయిస్తున్నాం, పది నిమిషాలు ఆగండి అంటే ఆగాలి, అది న్యాయమైన మాటే. అసలు చెప్పకుండా రావద్దు అంటే మాత్రం ఆ హోమ్ గురించి మరోసారి ఆలోచించండి. వేరేవాళ్ల గదిలోకి వెళ్లేటప్పుడు ఆ పెద్దాయననో పెద్దావిడనో అడిగి వెళ్లండి. ఫోటోలు తీయకండి.

వాసన ఒకచోట, ఒక్కసారి వచ్చిందంటే ఎవరికో ఇప్పుడే అవసరం పడిందని అర్థం. ఇల్లంతా ఫినాయిల్ ఘాటు, దాని కింద పాత మూత్రం వాసన ఉంటే అది పరుపుల్లో ఇంకిపోయిందన్నమాట. దుప్పటి అంచు ఎత్తి రెక్సిన్ కవర్ చిరిగిందేమో చూడండి.

మంచం మీద ఉన్నవాళ్లు

పడకపుండు అంటే కదలకుండా పడుకున్నచోట ఒత్తిడికి చర్మం దెబ్బతిని పడే పుండు. అది లోతుగా పడేముందు చాలాసార్లు చర్మం హెచ్చరిస్తుంది. మీవాళ్లు అప్పటికే అక్కడ ఉంటే, వారానికోసారి స్నానం వేళకు వెళ్లి ఒంటిని స్వయంగా చూసుకోండి. నడుం కింద తోకఎముక, రెండు తుంటి ఎముకలు, మడమలు, మోచేతులు, తల వెనక భాగం, చెవుల అంచులు చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో కొన్ని సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే ఫరవాలేదు. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒళ్లకు ఎరుపు సరిగ్గా తెలియదు. అక్కడ చర్మం ఊదారంగులోకో మరింత నల్లగానో మారుతుంది. చేతి వెనక వైపు ఆనిస్తే చుట్టుపక్కల కంటే వేడిగానో చల్లగానో తగులుతుంది, గట్టిగానో మెత్తగానో తేడాగా ఉంటుంది.

తమంతట తాము కదలలేనివాళ్లను సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. దానికి చార్టు ఉంటుంది. చార్టులో 2 గంటలకు ఎడమ పక్క అని రాసి ఉండి, 2:15కు మనిషి వెల్లకిలా ఉంటే ఆ కాగితాన్ని నమ్మకండి. వారం మొత్తం ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒక్క నిమిషం తేడా లేకుండా 2, 4, 6 అని ఉంటే అది ఒక్కసారి కూర్చుని నింపినదే. నిజంగా తిప్పేవాళ్ల చార్టులో 2:10, 4:25 అని ఉంటుంది, ‘నొప్పి అన్నారు, తిప్పలేదు’ అని కూడా ఉంటుంది.

గాలి పరుపు ఉంది కదా, తిప్పక్కర్లేదు అంటారు. అది తప్పు. గాలి పరుపు సాయం మాత్రమే. పంపు ఆన్‌లో ఉందా, గొట్టాలు మంచం చట్రం కింద నలిగిపోయాయా, పంపు మీది బరువు మీట మనిషి బరువుకు తగ్గట్టు ఉందా చూడండి. దాని మీద రెండు మూడు దుప్పట్లు మడిచి వేస్తే పరుపు ఉన్నా లేనట్టే. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు ఉండాలి. ఎర్రబడిన చోట నూనె వేసి గట్టిగా రుద్దడం, మధ్యలో బోలుగా ఉండే గుండ్రటి రింగు మీద కూర్చోబెట్టడం రెండూ హాని చేస్తాయి. మొదటిదానితో లోపలి కణజాలం నలుగుతుంది, రెండోదానితో రింగు చుట్టూ రక్తం ఆడదు.

యూరిన్ బ్యాగ్ ఉంటే అది పొత్తికడుపు కంటే కిందికి వేలాడాలి, కానీ నేలకు ఆనకూడదు. మణికట్టు మీద ఒరుపు గీతలు, చేతుల పైభాగంలో వేళ్ల గుర్తుల్లాంటి కమిలిన మచ్చలు కనబడితే ఎలా వచ్చాయో అడగండి. పడిపోతారని మంచానికి చీరతో కట్టేయడం భద్రత కాదు. విడిపించుకోబోయి ఇంకా ఘోరంగా పడతారు. మంచం ఎత్తు తగ్గించడం మేలు.

భోజనం వేళ

ఒక పూట మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూడండి. తినిపించే ఆయా పక్కన కూర్చుని, ముద్ద మింగారని చూశాకే ఇంకో ముద్ద పెట్టాలి. పడుకోబెట్టి తినిపిస్తే పొలమారుతుంది, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ముక్కులో గొట్టం ద్వారా ఆహారం పోసేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి. పోశాక కూడా అరగంట నుంచి గంట వరకు దించకూడదు. హడావుడిగా ఉన్న హోమ్‌లో ముందు పోయేది ఈ అరగంటే.

సాయంత్రం ఆరుకే రాత్రి భోజనం పెట్టి, మళ్లీ తొమ్మిదికి టిఫిన్ ఇస్తే మధ్యలో పదిహేను గంటలు ఖాళీ కడుపు. షుగర్ ఉన్నవాళ్లకు అది ప్రమాదం. పడుకోబోయే ముందు పాలో, రాగి జావో ఇస్తున్నారేమో అడగండి. ఇక్కడి బెల్లం వేసిన సాంబారు కొందరు తెలుగు పెద్దలకు సహించదు, కంచంలో వదిలేస్తారు. దానికి ‘వయసు కదా, ఆకలి లేదు’ అని సర్దిచెబుతారు. చారు, పప్పు, పెరుగన్నం చేసి పెడతారేమో ముందే మాట్లాడుకోండి. నెలనెలా బరువు రాసే పుస్తకం చూడండి. 50 కిలోల మనిషి నెలలో 2.5 కిలోలు తగ్గితే డాక్టరుకు చూపించాల్సిందే. నిలబడలేనివాళ్లకు భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత టేపుతో కొలిచి రాయాలి.

మంచినీళ్లు చేతికి అందేచోట ఉండాలి. మాటిమాటికీ బాత్రూమ్‌కు తీసుకెళ్లాలని నీళ్లు తగ్గించే చోట్లు ఉన్నాయి. నాలుక పిడచకట్టుకుపోయి, మూత్రం ముదురు పసుపులో ఉంటే అనుమానించండి.

మందులు

డాక్టరు చీటీ, మందుల చార్టు, మందుల డబ్బా మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. 30 మాత్రలు కొన్న రోజు తెలిస్తే ఇవాళ్టికి ఎన్ని మిగలాలో లెక్క తేలుతుంది. ఎక్కువ మిగిలితే ఇవ్వలేదు. రాత్రి మాత్రకు మధ్యాహ్నమే సంతకం పెట్టి ఉంటే మిగతా సంతకాలనూ నమ్మలేం. తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టినది పారేయాల్సిందే. వాడుతున్న సీసా మీద తెరిచిన తేదీ రాసి ఉండాలి, చాలా రకాలు తెరిచాక 28 రోజులకు మించి వాడకూడదు. ఇన్సులిన్ పెన్ను ఒక మనిషికి ఒకటి. సూది మార్చినా సరే, ఇంకొకరికి వాడకూడదు. షుగర్ చూడ్డానికి వేలు గుచ్చే పరికరమూ అంతే. హెపటైటిస్ బి అలాగే పాకుతుంది.

పొద్దున పదకొండు గంటలకు హాల్లో అందరూ కుర్చీల్లో జోగుతుంటే, ఎవరికి ఏ నిద్రమాత్ర ఇస్తున్నారు, ఎవరు రాశారు అని అడగండి.

రాత్రి ఎవరుంటారు

ఈ ప్రశ్న యజమానిని కాదు, ఆయాను అడగండి. కదలలేని మనిషిని తిప్పడానికి సాధారణంగా ఇద్దరు కావాలి. ఒక్కరే ఈడిస్తే చర్మం పరుపుకు రాసుకుని చిట్లుతుంది. నలుగురు మంచం పట్టినవాళ్లున్న ఇంట్లో రాత్రి ఒక్క ఆయానే ఉంటే, చార్టు ఏం చెప్పినా అక్కడ తిప్పడం జరగడం లేదు. పగలంతా చేసిన ఆయానే రాత్రీ ఉంటే ఆమెదీ తప్పు కాదు, నిద్ర ఆగదు.

బెంగళూరులో ఆయాలు చాలామందికి కన్నడమో, హిందీయో, ఒడియానో వస్తుంది. మతిమరుపు జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోతాయి, చివరికి తెలుగే మిగులుతుంది. నొప్పి, దాహం, ఒంటికి, రెంటికి, చలి, వద్దు అనే మాటలను ఆయా చదవగలిగే లిపిలో అర్థంతో సహా రాసి మంచం దగ్గర అంటించండి. అర్థంకాక ఊరుకోవడం వల్ల పక్క తడిసే రోజులు తగ్గుతాయి.

కాలింగ్ బెల్ మీరే నొక్కి గడియారం చూడండి. బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీని బరువంతా వేసి లాగండి. తలుపు గొళ్లెం బయటి నుంచి తీయగలగాలి. కరెంటు పోతే ఆక్సిజన్ యంత్రం దేని మీద నడుస్తుందో చూపించమనండి, నిండు సిలిండర్ ఒకటి పక్కన ఉండాలి. పై అంతస్తులో ఉన్న నడవలేనివారిని మంటలొస్తే ఎలా దించుతారో, రాత్రి గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. హొరమావు సాయి లేఅవుట్‌లా వానకు మునిగే చోట అయితే కింది అంతస్తు గది వద్దు.

కాగితాల విషయానికొస్తే, నర్సింగ్ సేవలు ఇస్తామనే చోట 2007 నాటి కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందేమో చూడండి. అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, డైపర్లు, ఫిజియోథెరపీ విడిగా లెక్కిస్తారేమో ఒప్పందంలో రాయించుకోండి.

లోపం కనబడితే తేదీ, టైము, చూసింది చూసినట్టు రాసి మేనేజరుకు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపండి, నోటి మాటతో సరిపెట్టకండి. మూడు రోజుల్లో మార్పు లేకపోతే పెద్దవాళ్ల సహాయం కోసం ఉన్న ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు, పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. కొట్టడం, కట్టేయడం లాంటివైతే మూడు రోజులు ఆగొద్దు, ఏ వేళైనా అత్యవసర నంబరు 112కు చేయండి. పుండు తెరుచుకుని ఉన్న మనిషిని కోపంలో అప్పటికప్పుడు వేరే హోమ్‌కు మార్చకండి. ముందు డాక్టరుకు చూపించి, పుండు వెడల్పు, లోతు కొలిపించి రాయించండి. ఆ కాగితం కొత్త హోమ్‌కు చికిత్స మొదలుపెట్టడానికి, మీకు ఫిర్యాదుకు పనికొస్తుంది.